తేటగీతిలో జేసీబీ: ఒక పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక

కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యానం రాసిన మల్లినాథసూరిది మన మెతుకుసీమలోని కొలిచెలమ. మూలంలో లేనిదేదీ రాయనని ఆయన ప్రతిజ్ఞ. ఈ టీకాకారుడికి అంత నిగ్రహం లేదు. పైగా మూలం కూడా తనదే. కాకపోతే పద్యంలోని మాటలన్నీ ట్రెంచ్ గట్టు మీద నిలబడి అరిచే హెల్పర్లవి కాబట్టి, కవి అన్న బిరుదు వదులుకుని సంగ్రాహకుడు అనిపించుకుంటే చాలని ఒప్పుకుంటున్నాడు.

సందర్భం: రోడ్డు పక్కన ఫైబర్ కేబుల్ కోసం కాలువ తవ్వుతున్నారు. జేసీబీ వెనక సీట్లో ఆపరేటర్, గట్టు మీద చేతిలో కర్రతో హెల్పర్. బకెట్ అడుగుకు పోయాక ఆపరేటర్‌కు దాని పళ్లు కనిపించవు. తవ్వేవాడికి చూపు లేదు, చూసేవాడికి లివర్ లేదు. ఆ మధ్యనున్న ఖాళీలో పుట్టిందీ పద్యం.

మూలం

తే.గీ.
దించు దించుము బకెటును దించుమింక
మట్టి రంగది మారెను మరల చూడు
కర్ర నిలబెట్టి కొలువుము కచ్చితముగ
చాలు చాలాపు మికపైన జానెడొద్దు

ప్రతిపదార్థం

(ఓ ఆపరేటరన్నా! అని అధ్యాహారం) దించు దించుము = ఇంకా కిందికి పోనిమ్ము; బకెటును = బకెట్‌నే, మనిషిని కాదని అవధారణ; దించుము ఇంక = ఇంకా దించుము; మట్టి రంగు అది మారెను = నల్లరేగడి పోయి కింద సుద్దో మొరమో తగిలింది; మరల చూడు = లివర్ వదిలి ఒకసారి వంగి చూడు; కర్ర నిలబెట్టి = గీత పెట్టిన కర్రను నిట్టనిలువుగా ఉంచి; కచ్చితముగ కొలువుము = ఉజ్జాయింపు వద్దు, కొలిచి చెప్పు; చాలు చాలు = అందవలసిన లోతు అందింది; ఆపుము = బూమ్ ఎత్తు; ఇకపైన = ఇక మీదట (పోయేది కిందికే అయినా ‘పైన’ అనడం భాష మర్యాద); జానెడు ఒద్దు = జానెడు కూడా ఎక్కువ తవ్వకు.

వ్యాకరణ విశేషాలు

దించుము + ఇంక, చాలు + ఆపుము, జానెడు + ఒద్దు: మూడూ ఉత్వసంధులే. ‘ఒద్దు’ గ్రామ్యమని చిన్నయసూరి శిష్యులు ముఖం చిట్లిస్తారు. నిజమే. అయితే బకెట్ దిగుతుండగా ‘వలదు’ అన్నవాడి మాట ఏ ఆపరేటరూ వినడు. ‘దించు దించుము’ ఆమ్రేడితం. నాలుగో పాదంలో చా-జా యతి, చవర్గంలో చెల్లుతుంది. అలంకారం స్వభావోక్తి. రసం మొదటి పాదంలో వీరం, రెండో పాదంలో అద్భుతం, కింద కరెంటు కేబుల్ ఉంటే నాలుగో పాదంలో భయానకం.

తాత్పర్యం

“అన్నా, దించు, ఇంకా దించు. మట్టి రంగు మారింది, చూసుకో. కర్ర నిలబెట్టి కొలుద్దాం. చాలు, ఆపు, ఇంక జానెడు కూడా వద్దు.”

విశేష వ్యాఖ్య

‘దించుము’ అని కవి సులువుగా అన్నాడు గానీ, దించడం ఒక పని కాదు, మూడు పనులు. బూమ్, దాని చివర ఆర్మ్, ఆ చివర బకెట్. మూడూ మూడు కీళ్ల మీద తిరుగుతాయి, మూడింటికీ వేరు వేరు హైడ్రాలిక్ సిలిండర్లు. ఏ ఒక్కదాన్ని కదిపినా బకెట్ పళ్లు వృత్తఖండం మీదే పోతాయి. అంటే సరళరేఖ అన్నది ఈ యంత్రానికి పుట్టుకతో రాదు. అడుగు చదునుగా రావాలంటే ఆపరేటర్ ఆర్మ్‌ను తనవైపు లాక్కుంటూనే బూమ్‌ను కొద్దికొద్దిగా ఎత్తాలి, ఆర్మ్ నిలువు దాటి దగ్గరికి వస్తుంటే మళ్లీ దించాలి, ఈలోగా బకెట్ వాలును సర్దుతుండాలి. రెండు చేతులా ఏకకాలంలో ఇది చేయలేనివాడు తవ్విన కాలువ అడుగు చివర్లలో ఎత్తుగా, మధ్యలో బొజ్జ వేసి ఉంటుంది. చేయగలిగినవాడి పనిని చూసి అదేదో యంత్రం గొప్పతనమని దారిన పోయేవారు అనుకుంటారు. టీకాకారుడి అభిప్రాయంలో ఇది అన్యాయం.

పైగా జేసీబీ ఒకేచోట నిలబడి కాలువంతా తవ్వలేదు. అందినంత మేర తవ్వి, రెండు పక్కల కాళ్లు ఎత్తి, కొన్ని అడుగులు ముందుకు జరిగి, మళ్లీ కాళ్లు దింపి నిలబడుతుంది. ఒక కాలు మెత్తటి నేలలో కాస్త కుంగినా యంత్రమంతా ఒరుగుతుంది, బకెట్ దాంతోపాటు ఒరుగుతుంది. అందుకే గుంతకీ గుంతకీ అతుకు దగ్గర మెట్టు పడుతుంది. అనుభవమున్న ఆపరేటర్లు ఆర్మ్ మీద సుద్దతో ఒక గీత గీసుకుంటారు. ఆర్మ్ నిట్టనిలువుగా ఉన్నప్పుడు ఆ గీత నేలమట్టానికి వస్తే కావలసిన లోతు వచ్చినట్టు. ఆర్మ్ వాలుగా ఉన్నప్పుడు అదే గీత అబద్ధం చెబుతుంది.

‘బకెటును’ అన్నచోట ఇంకో సూక్ష్మం. కొలత బకెట్ అంచుకా, పళ్ల కొసకా? పళ్లు అంచుకన్నా ముందుకు పొడుచుకుని ఉండి అడుగు మట్టిని గుల్ల చేస్తాయి. పైపు వేసేచోట గుల్ల మట్టి పనికిరాదు. దాని మీద కూర్చున్న పైపు రేపు కుంగుతుంది. అందుకే తెలిసిన మేస్త్రీలు కావలసిన లోతుకు ఇంకో బెత్తెడు ఉండగానే బకెట్ ఆపించి, మిగిలింది చేతిపార అంచుతో గీయిస్తారు. పొరపాటున ఎక్కువ తవ్వితే అదే మట్టి తోసి కప్పడం కుదరదు, ఇసుకో లీన్ కాంక్రీటో వేసి గట్టి చేయాలి. ఆ ఖర్చు కాంట్రాక్టర్‌దే. ‘జానెడొద్దు’ అన్న మాటలోని ఆర్తి ఇక్కడిది.

‘కర్ర నిలబెట్టి’

పద్యానికి ప్రాణం ఈ పాదం. కొలవడం అంటే మూడు ప్రశ్నలు: కర్ర నిలువుగా ఉందా? కర్ర కింది కొస దేని మీద ఉంది? పై కొస దగ్గర ‘నేల’ అంటే ఏ నేల?

కర్ర ఏటవాలుగా పెడితే లోతు ఉన్నదానికన్నా ఎక్కువ పలుకుతుంది. అడుగున రాలిన వదులు మట్టి మీద పెడితే తక్కువ పలుకుతుంది. ఈ రెండు తప్పులూ ఎదురెదురు దిశల్లో ఉంటాయి కాబట్టి ఒకదాన్నొకటి సరిచేస్తాయని వాదించే కాంట్రాక్టర్లున్నారు. ఆ తర్కాన్ని ఏ శాస్త్రమూ ఒప్పుకోలేదు.

మూడోది అసలు చిక్కు. తవ్విన మట్టిని గట్టు పక్కనే పోస్తారు. రెండు బకెట్లకే గట్టు జానెడు లేస్తుంది. కర్ర పై గీతను ఆ కుప్ప అంచు దగ్గర చదివితే, ఒక్క పార మట్టి కూడా అదనంగా తీయకుండానే లోతు పెరుగుతుంది. ఏఈ గారు వచ్చే వేళకు ఈ లోతు తయారుగా ఉంటుంది. ‘కచ్చితముగ’ అని కవి నొక్కి చెప్పింది ఇందుకేనని ప్రాజ్ఞుల ఊహ. కొలత అసలు నేల నుంచి జరగాలి, మట్టి పోయకముందే ఆ నేలను గుర్తించి మేకు కొట్టి ఉంచాలి.

శంక: నేలే ఎగుడుదిగుడైతే? సమాధానం: దానికి రెండు సంప్రదాయాలు. ఫైబర్ కేబుల్‌కు కావలసింది పైనున్న మట్టి మందం. నేల ఎక్కితే కేబులూ ఎక్కవచ్చు, దిగితే దిగవచ్చు. బీఎస్ఎన్ఎల్ పనుల్లో మామూలు నేలలో 165 సెంటీమీటర్లు అడిగేది ఈ లెక్కన. బండ తగిలితే లోతు తగ్గించి, బదులుగా ఇనుప పైపో కాంక్రీటో రక్షణగా వేయనిస్తారు. ఇక మురుగు పైపుది వేరే మతం. దానికి నేలతో పని లేదు, వాలుతో పని. నూటికి ఒకటి వాలు అంటే పది మీటర్లకు పది సెంటీమీటర్లు దిగాలి, పైన గుట్ట ఉన్నా గుంట ఉన్నా. నేలను నమ్మి తవ్వితే మురుగు మధ్యలో ఆగి తిరిగి ఇంటిదారి పడుతుంది.

ఈ రెండో మతంవాళ్లు నేలను కాక గాలిలో ఒక గీతను నమ్ముతారు. కాలువకు అడ్డంగా రెండు చోట్ల పలకలు కట్టి, వాటి పై అంచులు కావలసిన వాలులో ఉండేలా సర్ది, మధ్యలో కర్రను పెట్టి మూడు తలలూ ఒక వరసలో పడుతున్నాయా అని కంటితో చూస్తారు. ఒహాయోలో జేమ్స్ హిల్ అనే ఆయన 1894లో పేటెంట్ పొందిన బక్‌ఐ కాలువ యంత్రం ముందు తరాల్లో పేరుమోసింది. అలాంటి యంత్రాల ఆపరేటర్లు కూడా పొలంలో పాతిన గురిపలకలను చూస్తూ తవ్వే చక్రాన్ని ఎత్తడం దించడం చేసేవారు. ఇప్పుడు పలకల స్థానంలో లేజర్ వచ్చింది. గట్టు మీద తిరిగే లేజర్ ఒక తలం గీస్తుంది, యంత్రం మీది స్తంభానికి కట్టిన రిసీవర్ దాన్ని పట్టి, ఎత్తు అనో దించు అనో బాణం చూపిస్తుంది. అంటే హెల్పర్ మాట తీసేసి బాణం పెట్టారు. పద్యంలో మొదటి, నాలుగో పాదాలు మిగిలాయి, మధ్య రెండూ పోయాయి. మట్టి రంగు మారిందని లేజర్‌కు తెలియదు.

గొలుసు ట్రెంచర్ల సంగతి ఒక్క మాటలో: పళ్ల గొలుసు చుట్టిన బూమ్ ఎంత వాలితే అంత లోతు. బండి చక్రం రాయెక్కితే బూమ్ కూడా ఎక్కుతుంది, రాయి దిగితే దిగుతుంది. కాలువ అడుగు పైనున్న నేలకు నకలు అవుతుంది.

‘మట్టి రంగది మారెను’

నల్లరేగడి నుంచి సుద్దకు మారితే గట్టిదనం మారుతుంది, బకెట్ ఇంజన్‌ను మూలిగిస్తుంది, ఆపరేటర్ నొక్కి తవ్వడం మొదలుపెడతాడు. అదే ఎర్రటి పొడి కనిపించిందా, ఆగిపోవాలి. అది మొరం కాకపోవచ్చు, ఇటుక కావచ్చు. కరెంటు కేబుల్ మీద ఇసుక పోసి ఇటుకలు పరుస్తారు. భారతీయ ప్రమాణాల ప్రకారం 11 కేవీ కేబుల్ ఉండాల్సిన లోతు 90 సెంటీమీటర్లు. 165కు పోయేవాడు 90ని దాటే పోవాలి కదా. లోతు కోసం ధ్యాసంతా అడుగున పెట్టినవాడికి ప్రమాదం నడుము దగ్గర ఎదురవుతుంది.

కేంద్రం 2023 మార్చి 22న ‘కాల్ బిఫోర్ యు డిగ్’ యాప్ తెచ్చింది. తవ్వేచోటు అందులో చెబితే, కింద ఆస్తులున్న సంస్థలకు కబురు పోతుంది. ఇలా తెలియక తవ్వడం వల్ల దేశంలో ఏటా సుమారు 10 లక్షల కేబుల్ కోతలు, 3,000 కోట్ల రూపాయల నష్టం అని అప్పుడు ప్రభుత్వమే చెప్పింది.

లోతు చిక్కు నుంచి తప్పుకున్న మార్గాలు తెలుగు నేల మీద రెండు. ఆంధ్రప్రదేశ్‌లో ఫైబర్‌ను చాలావరకు కరెంటు స్తంభాల మీదుగా లాగారు. తవ్వడమే లేదు. తెలంగాణలో టీ-ఫైబర్‌కు మిషన్ భగీరథ నీళ్ల పైపుల కోసం ఎలాగూ తవ్విన కాలువల్లోనే డక్ట్ వేశారు. ఒక తవ్వకానికి రెండు పనులు. ఈ టీకాకారుడి ఓటు రెండోదానికి.

పాఠాంతరాలు

నాలుగో పాదానికి రెండు పాఠాంతరాలున్నాయి. మీటరు లెక్కన డబ్బు తీసుకునే కాంట్రాక్టర్ల శాఖలో ‘చాలు చాలాపు మికపైన జానెడేల’ అని ఉంది. మీటరుకు రేటు ఖాయమైతే లోతు తగ్గినకొద్దీ లాభం. గంట లెక్కన యంత్రం అద్దెకిచ్చేవారి శాఖలో ‘చాల దిక తవ్వు మికపైన జానెడొకటి’ అని కనిపిస్తుంది. వారికి గడియారం తిరగడమే కావాలి. రెండూ ఛందస్సుకు సరిపోయాయి, రెండూ ఆర్థికశాస్త్రానికి సరిపోయాయి. పరిష్కర్త మాత్రం హెల్పర్ పాఠాన్నే గ్రహించాడు, ఆ మనిషిది రోజు కూలీ కాబట్టి. లోతు ఎక్కువైనా తక్కువైనా ఒకటే జీతం వచ్చేవాడి కొలతనే నమ్మాలి. లెక్కలు రాసే ఎం.బుక్కులో కూడా ఈ సూత్రం పాటిస్తే, తర్వాత పరీక్ష గుంతలు తవ్వి లోతు చూసే అధికారుల శ్రమ చాలా తగ్గుతుంది.

ఫలశ్రుతి

ఈ తేటగీతిని గట్టు మీద నిలబడి ముమ్మారు పఠించినవారికి బిల్లులో కోత పడదు, కరెంటు కేబుల్ ఎదురుకాదు అని రాయాలని ఉంది గానీ, పఠనంతో అయ్యే పని కాదు. యాప్‌లో అడగాలి, మేకు కొట్టాలి, కర్ర నిలువుగా పెట్టాలి.

చివరగా ప్రతిపదార్థంలో ‘మనిషిని కాదు’ అన్నదానికి కారణం చెప్పాలి. తవ్వకం పనుల భద్రతకు మన దేశపు ప్రమాణం ఐఎస్ 3764. ఒకటిన్నర మీటర్లు దాటిన ట్రెంచ్‌లో పక్కలకు పలకలు, దన్నులు పెట్టాలని అది చెబుతుంది. ఫైబర్‌కు అడిగే 165 సెంటీమీటర్లు ఆ గీతను 15 సెంటీమీటర్లు దాటుతుంది, జానెడైనా లేదు. ఆ కొద్దిపాటి మట్టి కోసం, అడుగు సాపు చేయడానికో కేబుల్ సర్దడానికో కూలీని దింపుతాం. తడిసిన నల్లరేగడి గోడ జారడానికి క్షణం చాలు. మేస్త్రీలూ, కాంట్రాక్టర్లూ, ఏఈ గార్లూ, దన్ను పెట్టని గుంతలోకి దయచేసి ఎవరినీ దించకండి.