ఎల్బీ నగర్‌లో ఎక్కితే బెంజి సర్కిల్‌లోనే!

సంక్రాంతికి అత్తారింటికొచ్చిన అల్లుళ్లని ఓసారి గమనించండి. కారు దిగి, కాళ్లు కడుక్కుని, కాఫీ గ్లాసు అందుకున్నాడో లేదో, మావగారు "ప్రయాణం బాగా జరిగిందా బాబూ" అని నోరు తెరిచేలోపే మొదలెట్టేస్తాడు. "ఎల్బీ నగర్‌లో ఎక్కామండీ, మళ్లీ బెంజి సర్కిల్‌లోనే బ్రేకు. మధ్యలో ఎక్కడా ఆపలేదు!" మావగారు మెచ్చుకోలుగా తలాడిస్తారు. ఈలోగా వెనక సీట్లోంచి దిగిన కూతురు పలకరించినవాళ్లకి జవాబైనా చెప్పకుండా చంకలో పిల్లతో పెరట్లోకి పరుగు తీస్తుంది. పిల్ల ఒంటిమీద పొద్దున బయల్దేరినప్పటి గౌను ఉండదు. అల్లుడుగారు చెప్పే కథలో గౌను ప్రస్తావనా ఉండదు.

హైదరాబాద్ నుంచి విజయవాడకి 65వ నెంబరు జాతీయ రహదారి మీద దాదాపు 270 కిలోమీటర్లు. ఈ దూరాన్ని మూత్రవిసర్జన లేకుండా జయించడం మన మగవాళ్లలో ఒక వర్గానికి పరమపురుషార్థం. పద్మ పురస్కారాల్లో ఈ విభాగం ఇంకా పెట్టలేదు గానీ, పెడితే మన రెండు రాష్ట్రాల నుంచి దరఖాస్తులు ఢిల్లీలో పట్టవు. తన ఒంటిని తను ఉగ్గబట్టుకునేవాణ్ణి నేనేమీ అనను. ఎవరి ప్రోస్టేటు వాళ్లిష్టం. నా పేచీ అంతా, రెండున్నరేళ్ల పిల్లని కూడా ఆ రికార్డులో భాగస్వామిని చేసేవాడితో.

కార్తీకమాసంలో ఇంటి వాట్సాప్ గ్రూపులో ఒక ప్రకటన వెలువడుతుంది: "మా బుజ్జికి డైపర్ మాన్పించేశాం!" పిన్నులు చప్పట్లు కొడతారు, పెద్దమ్మ దిష్టి తీయమంటుంది, డాలస్‌లో ఉన్న బాబాయి కేకు బొమ్మ పంపిస్తాడు. తల్లి దృష్టిలో ఆ ప్రకటనకి అర్థం ఒకటే. పగటిపూట, తెలిసిన ఇంట్లో, తెలిసిన బాత్రూంలో, పసుప్పచ్చ బాతు బొమ్మ ఉన్న చిన్న సీటు మీద, అమ్మ ఎదురుగా కూర్చుని కథ చెబుతుంటే, బుజ్జి పని కానిస్తుంది. అదీ ఎక్కువసార్లు. తండ్రికి మాత్రం ఇంకోలా అర్థమవుతుంది: ఇక డైపర్లు కొనక్కర్లేదు, దారిలో మార్చడానికి ఆగనక్కర్లేదు. సంక్రాంతి రికార్డుకి అడ్డు తొలగిపోయింది.

బయల్దేరే పొద్దున ఇంట్లో జరిగే తంతు చూసి తీరాలి. తాళంచెవి వేలికి తిప్పుకుంటూ నాన్నగారు బాత్రూం గుమ్మంలో నిలబడి, "పోసెయ్ నాన్నా, ఇప్పుడే మొత్తం పోసెయ్" అని బతిమాలుతుంటాడు. విజయవాడ దాకా సరిపడా ముందే పోసెయ్యాలన్నమాట, ట్యాంకు ఫుల్ చేయించడానికి తలకిందులుగా. బుజ్జి బాతుతో కబుర్లాడుతుంది గానీ చుక్క రాల్చదు. రానిది ఎలా రాలుస్తుంది? చిన్నపిల్లల మూత్రాశయానికి డాక్టర్లు వాడే ఉజ్జాయింపు లెక్క ఒకటుంది: వయసుకి రెండు కలిపి ముప్పైతో గుణిస్తే అన్ని మిల్లీలీటర్లు. రెండున్నరేళ్ల బుజ్జికి అది 135. బడ్డీ కొట్టు టీ గ్లాసుతో కొలిస్తే ఒకటిన్నర గ్లాసు. ఆ సరుకుతో పిల్ల కృష్ణా నది దాకా రావాలని నాన్నగారి ప్రణాళిక.

పైగా ఆ వయసు పిల్లలకి లోపల్నుంచి కబురు అందేదే ఆఖరి క్షణంలో. మనకైతే గంట ముందు నుంచీ సూచనలు వస్తుంటాయి, "తర్వాత చూద్దాంలే" అని పక్కన పెట్టగలం. ఫోన్లో ఏనుగు పాట చూస్తున్న పిల్లకి ఆ కాస్త సూచనా అందదు. అందుకే "అమ్మా, సుస్సూ" అని వినపడేసరికి చేతిలో మిగిలేది ఒకటి రెండు నిమిషాలు, అదృష్టం బాగుంటే ఇంకో అర నిమిషం. ఇక ముందు సీటుకీ వెనక సీటుకీ మధ్య సంవాదం మొదలు.

"ఏవండీ, బుజ్జి పోస్తానంటోంది."

"ఇందాకేగా బాత్రూంలో కూచుంది?"

"కూచుంది, పొయ్యలేదు."

"చిట్యాల రానీ."

చిట్యాల వస్తుంది, పోతుంది. "నార్కట్‌పల్లిలో మంచి హోటలుంది." అదీ పోతుంది. "కొర్లపహాడ్ టోలు దాటగానే ఆపేస్తా." టోలు దాటాక రోడ్డు ఖాళీగా కనిపిస్తుంది. ఖాళీ రోడ్డు మీద బండి ఆపడం మహాపాపమని ఈ వర్గం వారి ధర్మశాస్త్రం. "సూర్యాపేట ఎంత దూరమని, పావుగంట!" ఆ పావుగంటకి బుజ్జి దగ్గర బదులు లేదు. సీటు దగ్గర ఉంటుంది.

ఎందుకు ఆపడు? చాలాకాలం నాకు అంతుపట్టలేదు. ముందు సీట్లో కూర్చుని చూస్తే గానీ తెలిసిరాలేదు: ఇదంతా తెల్ల ఇన్నోవా కోసం. చౌటుప్పల్ నుంచి కష్టపడి దాటొచ్చిన సిమెంటు లారీలు, రెండు ప్రైవేటు బస్సులు, మూడుసార్లు హారన్ కొట్టినా దారివ్వని ఒక తెల్ల ఇన్నోవా. ఐదు నిమిషాలు ఆగితే అవన్నీ ముందుకెళ్లిపోతాయి. మళ్లీ మొదట్నుంచీ దాటాలి! ఆ ఇన్నోవా వాడెవరో ఇతనికి తెలీదు, ఇతనొకడు తనతో పందెం వేసుకున్నాడని వాడికీ తెలీదు. ఎవరూ చూడని ఈ పందెంలో ఓడిపోకూడదని కన్నకూతురు చెడ్డీ తడుపుకున్నా సరే అనుకునేవాణ్ణి మన సమాజం "డ్రైవింగ్ బాగా చేస్తాడు" అంటుంది.

మన చిన్నప్పుడు ఆర్టీసీ బస్సులో ఇలా లేదు. "డ్రైవరుగారూ, పిల్లకి ఒంటికొచ్చిందంట" అని వెనక నుంచి ఎవరో ఒకరు కేక వేసేవారు. ఆయన సణుక్కుంటూనే తుమ్మచెట్టు పక్కన బస్సు ఆపేవాడు. యాభైమంది ప్రయాణికులున్నా, డిపోలో టైము రాయాల్సి ఉన్నా, ఆలస్యమైతే సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చినా ఆపేవాడు. సొంత కారు నడిపే నాన్నగారికి ఏ డిపో మేనేజరూ మెమో ఇవ్వడే!

ఆగకుండా వెళ్లడానికి మనవాళ్లు కనిపెట్టిన ఉపాయాలు కూడా తక్కువేం కాదు. మొదటిది నిర్జల వ్రతం: "పొద్దున్నుంచీ పిల్లకి నీళ్లివ్వకే, గొడవ వదిలిపోతుంది." గొడవ వదలదు, పండగ దాకా వెంటొస్తుంది. నీళ్లు తగ్గితే మూత్రం చిక్కబడుతుంది, పోసేటప్పుడు మంట పుట్టొచ్చు, మలబద్ధకం మొదలవుతుంది. పేగులో మలం గట్టిపడి పేరుకుంటే అది పక్కనున్న మూత్రాశయాన్ని ఒత్తుతుంది. అంతకుముందు చక్కగా చెప్పి పోసే పిల్లలు కూడా అప్పుడు బట్టలు తడుపుకోవడం మొదలెడతారు. సీటు కవరు కాపాడుకున్న నాన్నగారు భోగినాడు ఆముదం కోసం తిరుగుతుంటాడు. తన పక్కన ఫ్లాస్కు నిండా టీ ఉంటుందనుకోండి, అది వేరే సంగతి.

రెండోది సీసా సిద్ధాంతం. "మావాడికైతే కారు ఆపేదే లేదు, ఖాళీ బాటిల్ పెట్టేస్తాం" అని గర్వంగా చెబుతారు. ఇది కొడుకులున్న ఇళ్లలో పుట్టిన సిద్ధాంతమని వేరే చెప్పక్కర్లేదు. ఆ సిద్ధాంతకర్తని నేను సవినయంగా ఆహ్వానిస్తున్నాను: నందిగామ దగ్గర గంటకి తొంభై మీద పోతున్న బండిలో ఆడపిల్లని సీసా మీద కూర్చోబెట్టి చూపించాలి. పిల్లవాడైనా సరే, బెల్టు విప్పి నిలబెట్టాలి కదా? 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు 194బి సెక్షను చేర్చారు. పద్నాలుగేళ్లలోపు పిల్లలకి బెల్టో పిల్లల సీటో లేకుండా బండి నడిపితే వెయ్యి రూపాయల జరిమానా. జరిమానా సంగతి దేవుడెరుగు, ఎదురుగా గేదె అడ్డమొస్తే బ్రేకు వేసేది ఈ సిద్ధాంతకర్తే.

మూడోది అమ్మమ్మ ఉవాచ: "మీకందరికీ ఏడాదికే మాన్పించేశాం, ఇప్పటి పిల్లలకే ఈ వేషాలు." అమ్మమ్మని వెక్కిరించే ధైర్యం నాకు లేదు, ఆవిడ చెప్పింది అబద్ధమూ కాదు. కాళ్లు చాపుకుని, పాదాల మీద పిల్లని కూర్చోబెట్టి, "ష్‌ష్‌ష్" అంటూ ఆవిడ సాధించినవి చాలా ఉన్నాయి. కాకపోతే పిల్ల ముఖం మారడం చూసి ముందే కనిపెట్టి ఎత్తుకుపోయేది ఆవిడే. తప్పిపోతే మట్టి వాకిలి, మొలతాడు తప్ప ఒంటిమీద నూలుపోగు లేని పిల్ల, చెంబుడు నీళ్లు, అంతే. ఆ పిల్లల్ని ఎవరూ ఐదు బెల్టుల సీట్లో బిగించి కోదాడ దాకా కదలొద్దనలేదు.

సరే, దేవుడు కరుణించి ఓ పెట్రోలు బంకు దగ్గర కారు ఆగిందనుకుందాం. బంకులో తాగునీరు, టైర్లకి గాలి, మరుగుదొడ్డి ఉచితంగా ఇవ్వాలని ఆయిల్ కంపెనీల నిబంధనలే చెబుతున్నాయి. మరుగుదొడ్డి ఉంటుంది, తాళం కూడా ఉంటుంది. తాళంచెవి ఉన్న కుర్రాడు మాత్రం భోజనానికెళ్లి ఉంటాడు. "లేడీస్" అని రాసిన గదిలో చీపుర్లు, విరిగిన బకెట్లు, పోయిన ఎన్నికల ఫ్లెక్సీ. పక్కదాంట్లోకి వెళితే లైటు స్విచ్చి బయట, గొళ్లెం లేని తలుపు, చీలమండ దాకా తడి. తల్లి ఒక చేత్తో తలుపు పట్టుకుని, ఇంకో చేత్తో చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టి, తన చెప్పుల మీద బుజ్జిని నిలబెడుతుంది. బుజ్జి చుట్టూ చూస్తుంది.

"బాతు లేదు."

"బాతు ఊళ్లో ఉందమ్మా, పోసెయ్ తల్లీ."

"ఇది పాటీ కాదు. నాకు రావట్లేదు."

ఇన్నాళ్లుగా "పాటీలోనే పొయ్యాలి, కింద పొయ్యకూడదు" అని నేర్పింది మనమే. పిల్ల ఆ పాఠం తు.చ. తప్పకుండా పాటిస్తోంది. అక్కడ మాట తప్పమంటున్నది పెద్దవాళ్లు. తిరిగొచ్చి బెల్టు పెట్టాక బండి మూడో గేరులో పడీపడకముందే "అమ్మా, సుస్సూ." అప్పుడు ముందు సీట్లోంచి వినిపించే నిట్టూర్పు రామలక్ష్మణుల్ని అడవికి పంపిన దశరథుడిది కూడా అయ్యుండదు.

ప్రభుత్వం చేతులు కట్టుకు కూర్చుందనడానికి వీల్లేదు. 2025 అక్టోబరులో జాతీయ రహదారుల సంస్థ ఒక పోటీ పెట్టింది. టోల్ ప్లాజా దగ్గర తన నిర్వహణలో ఉన్న మరుగుదొడ్డి మురికిగా కనిపిస్తే రాజ్‌మార్గ్‌యాత్ర యాప్‌లో ఫొటో తీసి పంపాలి, ఫాస్టాగ్‌లో వెయ్యి రూపాయలు వేస్తారు. ఫొటో మీద స్థలం, సమయం ముద్రపడాలి. ఒక మరుగుదొడ్డికి రోజుకి ఒక్క బహుమతే, ముందు పంపినవాడికే. బంకులవీ, దాబాలవీ లెక్కలోకి రావు. ఇదంతా ఆ నెలాఖరు దాకా అని ప్రకటించారు. శుభ్రంగా ఉంచడం కన్నా మురికిని ఫొటో తీయించడం తేలికని తెలుసుకున్న మేధావికి నా జోహార్లు. టోలు డబ్బులు మాత్రం 2021 ఫిబ్రవరి నుంచి ఫాస్టాగ్‌లో ఎవరూ ఉగ్గబట్టలేనంత వేగంగా పోతున్నాయి.

ఇక సంక్రాంతి ముందురోజుల్లో పంతంగి టోలు దగ్గరైతే రికార్డు వీరులూ పిల్లలూ ఒకే వరసలో ఇరుక్కుంటారు. అక్కడ కార్ల మధ్య తిరిగే జామకాయల బుట్టకి ఉన్న స్వేచ్ఛ లోపలున్నవాళ్లకి లేదు.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. నాకు నవ్వు రానిది ఒక్క మాట. సీటు తడిశాక, వెనక్కి తిరిగి నాన్నగారు అనే మాట: "ఇంత పెద్దదానివయ్యావు, సిగ్గులేదూ?" డైపర్ మాన్పించకముందు అదే పిల్ల అదే సీట్లో డైపర్లో పోస్తే సిగ్గు ఊసు ఎవరూ ఎత్తలేదు. పిల్ల చెప్పింది. చిట్యాల రాకముందే చెప్పింది, తనకి వచ్చిన రెండు ముక్కల్లో స్పష్టంగా చెప్పింది. వినిపించుకోకుండా బండి తోలినవాడు సిగ్గు గురించి మాట్లాడుతున్నాడు! అలా తిట్లు తిన్న పిల్లలు నేర్చుకునేది ఆపుకోవడమే, చెప్పడం కాదు. మూత్రం ఆపుకునే అలవాటుతో పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లి, ఇన్ఫెక్షన్‌కి యాంటీబయాటిక్ రాయించుకునేదాకా ఆ సిగ్గు పాఠం పనిచేస్తుంది.

"మళ్లీ డైపర్ వేస్తే నేర్చుకున్నదంతా మర్చిపోతుంది" అని శాసించే శుద్ధవాదులకి కూడా ఓ మాట. ఐదేళ్లు నిండేదాకా పిల్లలు నిద్రలో పక్క తడపడాన్ని వైద్యులు జబ్బుగా లెక్కెయ్యరు. కారులో పట్టే నిద్రా నిద్రే. కునుకు పట్టే వేళకి పిల్లకి డైపర్ తొడిగే తల్లిని పరీక్ష తప్పిన విద్యార్థినిలా చూడకండి. లేచాక విప్పేసి పాటీ చూపిస్తే పిల్లకి తేడా తెలుస్తుంది, మనం అనుకునేంత అమాయకురాలేం కాదు.

కాబట్టి ఈసారి పండక్కి బండి తీసే నాన్నగారికి నా మనవి. ఆ బాతు సీటునో, రెండు మూడొందలకి దొరికే ప్లాస్టిక్ పాటీనో డిక్కీలో అరిసెల డబ్బాల అడుగున పడెయ్యకుండా చేతికందేచోట పెట్టండి, లోపల ఒక కవరు వెయ్యండి. మార్చడానికి మూడు జతలు, సీటు కింద పరవడానికి ఒక దుప్పటి. గంటన్నరకోసారి, బుజ్జి అడగకముందే, హైవే అంచున కాకుండా హోటలు ఆవరణలోకి తిప్పి ఆపండి. పిల్ల పొయ్యకపోయినా కాసేపు నడవనివ్వండి, ఈలోపు మీ ఆవిడ కూడా వెళ్లొస్తుంది, ఆవిడా ఎల్బీ నగర్ నుంచి ఉగ్గబట్టుకునే ఉంది. ఆ తెల్ల ఇన్నోవాని మాత్రం, దయచేసి, పోనివ్వండి.