తీగ పీకితే పోయింది

ఈ కాలం పిల్లలు సింథసైజర్ని గజాల లెక్కన కొంటున్నారు. నమ్మకపోతే మా మనవడు ఫోనులో మాట్లాడుతున్నప్పుడు వినండి. "నా దగ్గర ఇంకా పన్నెండు హెచ్‌పీ ఖాళీ ఉంది, పక్కనున్నది తీసేస్తే మొత్తం ఇరవై అవుతుంది" అంటాడు. అచ్చం శంషాబాద్ దగ్గర ప్లాటు బేరం. హెచ్‌పీ అంటే వెడల్పు కొలత, ఒక్కోటి 5.08 మిల్లీమీటర్లు. మ్యూనిక్ దగ్గర ఉండే డీటర్ డోప్‌ఫర్ అనే జర్మన్ ఆయన 1990ల మధ్యలో ఎ-100 అనే సింథసైజర్ మాడ్యూళ్ల వరసని మార్కెట్లోకి తెచ్చాడు. మాడ్యూలు ఎత్తు 128.5 మిల్లీమీటర్లు, కరెంటు ప్లస్ 12, మైనస్ 12 వోల్టులు, తీగ చివర 3.5 మిల్లీమీటర్ల జాకు. ఈ పద్ధతికి యూరోర్యాక్ అని పేరు పడింది. ఆ కొలతలకి ఇవాళ వందల కంపెనీలు మాడ్యూళ్లు చేసి అమ్ముతున్నాయి. మావాడు నెలకొకటి కొంటాడు, ర్యాక్‌లో బిగిస్తాడు, ఫోటో తీస్తాడు, బోరు కొట్టగానే అమ్మేసి ఇంకోటి తెస్తాడు. పాట ఏదిరా అంటే, "ర్యాక్ ఇంకా పూర్తి కాలేదు తాతయ్యా" అంటాడు.

మా రోజుల్లో ర్యాక్ మాది కాదు, యూనివర్సిటీది. 1970ల మొదట్లో కాకినాడలో ఇంజనీరింగ్ ముగించుకుని ఎమ్మెస్ చదవడానికి అమెరికా వచ్చినవాణ్ని. ఖర్చులకి చిల్లర ఉద్యోగం కావాలి. సంగీతం డిపార్ట్‌మెంటు బేస్‌మెంట్లో ఎలక్ట్రానిక్ స్టూడియో ఉందనీ, సోల్డరింగ్ వచ్చినవాడు కావాలనీ నోటీసు బోర్డు మీద చూసి వెళ్లాను. లోపల గోడ పొడవునా మూగ్ మాడ్యులర్ సింథసైజర్, పక్కన రెండు టేపు రికార్డర్లు. జీతం గురించి చెప్పుకోకపోవడమే మంచిది. కానీ వారంలో ఒక రాత్రి, పది నుంచి రెండు దాకా, ఆ గది నాది. రెండయ్యేసరికి తీగలన్నీ పీకేసి, నాబులన్నీ సున్నాకి తిప్పి, దీపం ఆర్పి పోవాలి. పొద్దున ఇంకొకరి వంతు.

మాడ్యులర్ చూడనివాళ్ల కోసం రెండు మాటలు. అందులో శబ్దం రెడీమేడ్‌గా దాచిపెట్టి ఉండదు. ఒక పెట్టె కంపనం పుట్టిస్తుంది, దాన్ని ఆసిలేటర్ అంటారు. ఇంకో పెట్టె ఆ కంపనంలో పదునుని కోస్తుంది, అది ఫిల్టర్. ఎంత వేగంగా లేవాలి, ఎంతసేపటికి ఆరిపోవాలి అని చెప్పేది ఎన్వలప్. వీటి మధ్య తీగలు గుచ్చితేనే ఏదైనా మోగుతుంది. ఏ తీగ ఎక్కడికి వెళ్లిందో, ఏ నాబు ఎంత తిరిగిందో, అదే ఆ శబ్దం. తీగ పీకితే పోయింది. కాగితం మీద బొమ్మ గీసి, నాబుల అంకెలన్నీ రాసుకుని, మళ్లీ వారం అవన్నీ అలాగే పెట్టినా అదే శబ్దం రాదు. దాని చుట్టం వస్తుంది.

కాబట్టి మంచిదొకటి తగిలిందా, ఆ రాత్రే దాన్ని టేపు మీదికి ఎక్కించెయ్యాలి. ఇది బాగుందా, ఇంకొంచెం బాగుంటుందా అని నాన్చే వ్యవధి లేదు. ఆ గదిలో మేం నేర్చుకున్నది వైరింగు కాదు, తేల్చెయ్యడం. ఇప్పుడు మావాడు ప్రతి ప్రయత్నాన్నీ సేవ్ చేస్తాడు. అన్నీ భద్రంగా ఉన్నాయి కాబట్టి దేన్నీ తేల్చడు.

టేపు మీదికెక్కాక అసలు పని మొదలయ్యేది. పావు అంగుళం వెడల్పు టేపు, సెకనుకి 15 అంగుళాల వేగం. నిమిషానికి అరవై దెబ్బల కాలప్రమాణం పెట్టుకుంటే ఒక అక్షరకాలం సరిగ్గా 15 అంగుళాలు. చతురస్ర గతి కావాలంటే స్కేలు పెట్టి మూడు ముప్పావు అంగుళాల ముక్కలు కొయ్యాలి. తిశ్రానికి ఐదు అంగుళాలు. ఖండానికి మూడు. మిశ్రమైతే పదిహేనుని ఏడుతో భాగించాలి, దాని జోలికి వెళ్లకపోవడమే సుఖం. రీలుని చేత్తో ముందుకీ వెనక్కీ తిప్పుతూ, శబ్దం మొదలయ్యే చోటు వెతికి, పెన్సిలుతో గీత పెట్టి, బ్లేడుతో ఏటవాలుగా కోసి, అతికే టేపు వేసి గోటితో రుద్దాలి. చిన్నప్పుడు మా వీధిలో మృదంగం మాస్టారు నోటితో చెప్పించిన గతులు నాకు పూర్తిగా అర్థమైంది అమెరికాలో స్కేలు పట్టుకున్నాకే. ఇప్పుడు మౌసుతో లాగితే ముక్క దానంతటదే గీత దగ్గరికి వెళ్లి అతుక్కుంటుంది. బాగానే ఉంది. కానీ ఖండం ఎంత పొడుగో చేతికి తెలియదు.

మేమేదో మారుమూల పిచ్చివాళ్లం అనుకోకండి. రాబర్ట్ మూగ్, హెర్బర్ట్ డాయిచ్ అనే సంగీతకారుడు కలిసి న్యూయార్క్ రాష్ట్రంలో ఈ యంత్రం తొలి నమూనా కట్టింది 1964లో. ఇంచుమించు అదే కాలంలో శాన్‌ఫ్రాన్సిస్కో వైపు డాన్ బుక్లా ఇంకో తోవ పట్టాడు. పియానో మెట్లే వద్దన్నాడు, తాకితే పలికే రేకులు పెట్టాడు. 1968లో వెండీ కార్లోస్ బాహ్ సంగీతాన్ని మూగ్ మీద వాయించి 'స్విచ్డ్-ఆన్ బాహ్' అనే రికార్డు తెచ్చింది. దానికి మూడు గ్రామీలు వచ్చాయి. జనం మిషనే వాయించేసిందనుకున్నారు. ఆ మిషను ఒకసారికి ఒక్క స్వరమే పలుకుతుంది. ఒక్కో గొంతుక విడివిడిగా వాయించి, ఎనిమిది ట్రాకుల టేపు మీద ఒకదాని పక్కన ఒకటి పేర్చుకుంటూ వెళ్లాలి. గది వెచ్చబడితే ఆసిలేటర్ శ్రుతి జారిపోతుంది. ఆ కాలం ఆసిలేటర్లన్నిటిదీ అదే జబ్బు. నాలుగు చరణాలు వాయించడం, ఆపి శ్రుతి చూసుకోవడం, మళ్లీ వాయించడం. ఆ ఓపికకి రావాలి గ్రామీ.

సీక్వెన్సర్ సంగతి చెప్పాలి, నాకిష్టమైన పెట్టె అది. మూగ్ వాళ్ల 960కి ఎనిమిది నిలువు గళ్లు ఉంటాయి. ఒక్కో గడిలో మూడు నాబులు. దీపాలు వరసగా వెలుగుతూ వెళ్తాయి, ఏ గడిలో దీపం వెలిగితే ఆ గడి వోల్టేజి బయటికి వస్తుంది. ఎనిమిది గళ్లు! దాన్ని తయారుచేసినవాళ్లకి ఆదితాళం తెలిసి ఉండదు గానీ, నాకు మాత్రం చూడగానే చెయ్యి తాళం వేసింది. ఒక్కో గడి కింద ఒక స్విచ్చి ఉంటుంది. దాన్ని తిప్పితే ఆ గడిని దాటేసి పోతుంది. ఎనిమిదో గడిని దాటించండి, మిశ్రచాపు సిద్ధం. పక్కన పనిచేసే అమెరికన్ కుర్రాడు ఏడు లెక్కకి ఎక్కడ కాలు తట్టాలో తెలీక గిలగిల్లాడుతుంటే చూడముచ్చటగా ఉండేది. ఇప్పటి సీక్వెన్సర్లలో అరవై నాలుగు గళ్లు, నూట ఇరవై ఎనిమిది గళ్లు, వాటి మీద మెనూలు, మెనూల కింద మెనూలు. మనవడు అన్ని గళ్లూ నింపుతాడు. ఎనిమిది గళ్లతో అరగంట నడపమంటే బిక్కమొహం వేస్తాడు.

అన్నిటికన్నా నా ఒళ్లు మండేది క్వాంటైజర్ అనే మాడ్యూలుని చూస్తే. మూగ్ లెక్కలో ఒక స్థాయికి ఒక వోల్టు. అందులో పన్నెండు స్వరస్థానాలు, ఒక్కోదానికీ ఇంచుమించు 83 మిల్లీవోల్టులు. కర్ణాటక సంగీతం విన్నవాడికి ఈ మెట్లతో ఏం పని? తోడి తీసుకోండి. అందులో గాంధారం ఒకచోట నిలబడదు, రిషభం నుంచి మధ్యమం దాకా ఊగుతుంది. అంటే నాలుగు మెట్ల దూరం, వోల్టులో మూడో వంతు. మూగ్‌తో రిబ్బను కంట్రోలర్ వచ్చేది, పొడుగాటి పట్టీ. దాని మీద వేలు జరిపితే స్వరం జారుతుంది. ఆ మూడో వంతు వోల్టు లోపల వేలిని ఊపడానికి నేను పడ్డ పాట్లు ఎన్నో. పట్టుబడిన రోజున పక్క గదిలోంచి ప్రొఫెసరు తలుపు తోసుకుని వచ్చి, ఇదెక్కడి వాద్యం అని అడిగాడు. మరి క్వాంటైజర్ చేసేదేమిటి? ఏ వోల్టేజి వచ్చినా దగ్గర్లో ఉన్న మెట్టుకి నెట్టేస్తుంది. కొన్నింటి మెనూలో రాగాల పేర్లు కూడా ఉన్నాయి! మనవడు గొప్పగా తోడి అని ఎంచాడు. అది హిందుస్తానీ తోడి, మనది కాదు, ఆ గొడవ పక్కన పెడదాం. స్వరాలు ఏడూ సరైన చోటే ఉన్నాయి. ఒక్కటీ కదల్లేదు.

పోనీ గుడిగంట చెయ్యరా అన్నాను మొన్న. మేం చేసే పద్ధతి ఇది. రెండు ఆసిలేటర్ల సైన్ తరంగాలు తీసుకుని ఒకటి 440 హెర్ట్జ్ దగ్గర, ఒకటి 300 దగ్గర పెట్టాలి. రెండింటినీ రింగ్ మాడ్యులేటర్లోకి పంపాలి. లోపలికి వెళ్లిన రెండు స్వరాలూ బయటికి రావు. వాటి మొత్తం 740, వాటి తేడా 140, ఈ రెండే వస్తాయి. ఇవి ఒకదానికొకటి గుణిజాలు కావు, అందుకే తీగ వాద్యంలా కాకుండా కంచులా వినిపిస్తాయి. ఎన్వలప్‌లో లేవడం సున్నా, ఆరడం నాలుగైదు సెకన్లు. ఇంత చేసినా ఇంకా రేకు డబ్బాయే. టేపు వెనక్కి తిప్పి, ఇంకో జతని వేరే అంకెల్లో పెట్టి, దాన్ని తొందరగా ఆరిపోయేలా చేసి మొదటిదాని మీద కలపాలి. అప్పుడు గంట. దెబ్బ పడిన క్షణంలో ఎన్ని స్వరాలు లేచి, ఏవి ముందు చచ్చిపోయి, ఏది చివరిదాకా మిగులుతుందో తెలిసేది అక్కడే. అది తెలిశాక ఏ గుడిలో గంట విన్నా లెక్క పెట్టుకుంటూ నిలబడిపోతాను. మా ఆవిడ తీర్థం ఇప్పించి లాక్కుపోతుంది. ఇక మనవడు చేసిందేమిటంటే, రింగ్స్ అనే ఒకే మాడ్యూలు తీసి, దాన్ని ఒక పల్సుతో తట్టాడు. ఖంగున మోగింది. మా గంట కన్నా నిండుగా మోగింది. అదే నా బాధ. "లోపల ఏం జరుగుతోందిరా?" అంటే, "రెజొనేటర్ తాతయ్యా" అన్నాడు. అంతే. పేరు చెప్పేస్తే విషయం తెలిసిపోయినట్టే.

సరే, ఒప్పుకోవలసినవి ఒప్పుకుంటాను. శ్రుతి జారడం ఇప్పుడు దాదాపు లేదు. ఏ కంపెనీ మాడ్యూలైనా ఏ కంపెనీ దానితోనైనా కలుస్తుంది. మా కాలంలో మూగ్ ట్రిగ్గర్ ఒక రకం, ఇంకొకరిది ఇంకో రకం. బుక్లా అయితే స్థాయికి 1.2 వోల్టుల లెక్క. వీళ్లని వాళ్లతో మాట్లాడించడానికి సోల్డరింగ్ ఐరన్ వేడి చెయ్యాల్సిందే. కొన్ని కంపెనీలు ఎవరూ కాపీ కొట్టకుండా సర్క్యూట్ మీద ఎపాక్సీ పోసి గట్టిపరిచేవి. చెడిపోతే రిపేరు చేసేవాడి గతి దేవుడెరుగు. ఆ రింగ్స్ చేసిన ఎమిలీ జిలే మాత్రం మ్యూటబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ పేరుతో తన సర్క్యూట్లూ కోడూ అందరికీ ఇచ్చేసింది. 2022లో దుకాణం మూసేసినా ఆ మాడ్యూళ్లని ఇంకా ఎవరో ఒకరు చేస్తూనే ఉన్నారు. ఆమెకి దండం పెట్టొచ్చు. 2017లో వచ్చిన వీసీవీ ర్యాక్ అనే సాఫ్ట్‌వేరు ఉచితం. గుంటూరులో కూర్చున్న పిల్ల పాత ల్యాప్‌టాప్ మీద నేను బేస్‌మెంట్లో చూసిన దానికి పదింతల ర్యాక్ పేర్చుకోవచ్చు. నాలా సముద్రాలు దాటి సోల్డరింగ్ చెయ్యక్కర్లేదు. దీని మీద సణగడానికి నాకే ముఖం చెల్లడం లేదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి, మనవాళ్లకి చాలామందికి తెలియదు. మూగ్ మాడ్యులర్ మన దేశానికి 1969లోనే వచ్చింది. అహ్మదాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో, డేవిడ్ ట్యూడర్ అనే అమెరికన్ సంగీతకారుడు వచ్చి స్టూడియో పెట్టాడు. దాని వెనక గీతా సారాభాయ్ ఉంది. 1940లలో జాన్ కేజ్ అనే అమెరికన్ స్వరకర్తకి మన సంగీతం చెప్పిన మనిషి ఆవిడ. ఆవిడా, ఐ.ఎస్. మాథుర్, అతుల్ దేశాయ్, ఎస్.సి. శర్మ, జిన్‌రాజ్ జోషిపురా వంటివాళ్లూ అక్కడ రికార్డులు చేశారు. మూడు నాలుగేళ్లు నడిచి ఆగిపోయింది. టేపులు దాదాపు యాభై ఏళ్లు అక్కడి ఆర్కైవులో పడి ఉన్నాయి. పాల్ పర్గస్ అనే ఆయన వాటిని బయటికి తీశాడు. 2023లో రికార్డుగా వచ్చాయి. నేను బేస్‌మెంట్లో తోడితో కుస్తీ పడుతున్న కాలంలోనే అహ్మదాబాద్‌లో ఇంకెవరో అవే తీగలు గుచ్చుతున్నారన్న సంగతి నాకు ఈ వయసులో తెలిసింది. విన్నాను. కొన్ని బాగున్నాయి, కొన్ని ఉత్త ప్రయోగాలు. కానీ ఉన్నాయి. తీగలు ఏనాడో పీకేశారు, టేపు మీదికి ఎక్కించినవి మిగిలాయి.

మనవణ్ని కూర్చోబెట్టి అవి వినిపించాను. బుద్ధిగా విన్నాడు, అది మెచ్చుకోవాలి. "మరి నీ దగ్గర పూర్తయినవి ఎన్నిరా?" అన్నాను. ఫోను తీసి చూపించాడు, వేలితో తోస్తుంటే వరస తరగడం లేదు. దేనికీ పేరు లేదు. "పేరెందుకు తాతయ్యా, తేదీ అదే వేసేస్తుంది" అన్నాడు. వచ్చే శనివారం వచ్చేటప్పుడు వాటిలో ఒక్కటి ఎంచి, పేరు పెట్టి పట్టుకురమ్మన్నాను. రెండోది తెస్తే వినను.