అన్నీ తప్పనిసరే!

"కస్టమరే మా తొలి ప్రాధాన్యం" అని ప్రతి బ్యాంకూ అంటుంది. యాప్ తయారయ్యే గదిలోకి తొంగిచూస్తే గోడకు అంటించిన పనుల చీటీల్లో ఆ కస్టమరు ఏ చీటీ మీదా కనపడడు.

పనులను వడగట్టడానికి 1994లో డై క్లెగ్ అనే ఆయన నాలుగు గడుల పద్ధతి చెప్పాడు: తప్పనిసరి, ఉండాల్సినవి, ఉంటే మంచివి, ఈసారికి వద్దు. ఆ 'వద్దు' ఉంది కాబట్టే దానికి విలువ. మనవాళ్లు మొదటి గడిని గోడంత చేశారు. లోన్ల పెద్దాయన పండగ అప్పు బ్యానర్ అడిగాడా, తప్పనిసరి. కార్డుల మేడమ్‌కి స్క్రాచ్ కార్డు కావాలి, అదీ తప్పనిసరే. ఛైర్మన్ గారు విదేశంలో చూసొచ్చిన మాట్లాడే బొమ్మ సంగతి చెప్పనే అక్కర్లేదు. మరి డబ్బు కట్టయి అవతలికి చేరనివాడికి ఏం చూపిస్తారు? "సార్, అది ఫేజ్ టూ."

2019 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు చెప్పింది: ఒకరికి పంపిన యూపీఐ సొమ్ము చేరకపోతే మర్నాటికల్లా వెనక్కి రావాలి, దాటితే రోజుకు 100 రూపాయలు కస్టమరు అడక్కుండానే వేయాలి. ఈ ముక్కకి బ్యానర్ వేసిన బ్యాంకు ఏదైనా మీకు తగిలిందా?

గోడ మీద వాయిదా పడ్డవాటిని చివరికి రిజర్వు బ్యాంకే పైకి తెస్తోంది. డేటా సెంటర్‌లో కరెంటు పోయి సేవలు ఆగిన పదకొండు రోజులకే, 2020 డిసెంబరు 2న, హెచ్‌డీఎఫ్‌సీని 'డిజిటల్ 2.0' పేరిట తెచ్చే కొత్త ముచ్చట్లు ఆపమంది. 2024 ఏప్రిల్ 24న కోటక్ మహీంద్రా వంతు: ఆన్‌లైన్‌లో కొత్త కస్టమర్లు వద్దంది. కారణాల్లో ఐటీ సామగ్రి లెక్క, ప్యాచ్‌లు, ఎవరికి ఏ అనుమతి ఉందన్న ఆరా ఉన్నాయి. వీటికి స్క్రాచ్ కార్డు తళుకు ఉండదు మరి.

తమిళనాడులోని కవరైపేట్టైలో గుమ్మిడిపూండి లోకల్ దిగే ఒక తెలుగావిడను ఊహించుకోండి. ఇంట్లో తెలుగు, బజార్లో తమిళం, ఫోన్‌లో ఇంగ్లీషు ఎర్రర్. భాషలు ఎప్పుడంటే ఫేజ్ త్రీ అంటారు. మీట నొక్కే ఫోనుతో చెల్లించే 123పే 2022 మార్చి నుంచీ ఉన్నా, దాని ఊసెత్తితే గదిలో జాలిగా చూస్తారు.

నాదొక ప్రతిపాదన. వచ్చే ప్రాధాన్యాల మీటింగు కవరైపేట్టై టీకొట్టు ముందు పెట్టండి. టీ డబ్బులు మీ యాప్‌తోనే కట్టండి. కట్టయి చేరకపోతే, ఫేజ్ టూ అంటే ఏమిటో కొట్టాయనకు మీరే తమిళంలో చెప్పుకోండి.