తల్లీ డీఎల్‌ఎడ్, నీ మహిమ

తల్లీ డీఎల్‌ఎడ్! బడిపంతుళ్లు కావాలని ఇంటర్ పాసైన పిల్లలు డీఈఈసెట్ ప్రవేశపరీక్ష రాసి నీ గడప తొక్కుతారు. అప్పటికే వాళ్ల వేళ్లకు ఫోన్‌లో తెలియని మూల లేదు. అలాంటివాళ్లను రెండేళ్లు ఉంచుకుని, ఆ ఫోన్‌కూ బడి పాఠానికీ చుట్టరికం లేదని నమ్మించి పంపే శక్తి నీకే చెల్లింది.

కంప్యూటరంటే నీకున్న భక్తి ఇంతా అంతా కాదు. నేను చూసిన ఒక శిక్షణ కళాశాలలో యంత్రాలన్నీ గుడ్డలు కప్పుకుని తాళం వెనక కొలువై ఉన్నాయి. ఎవరూ తాకలేదు గనుక ఒక్కటీ పాడవలేదు. పరీక్షలో మాత్రం అవే యంత్రాల ఉపయోగాలు అయిదు, పరిమితులు అయిదు ఛాత్రోపాధ్యాయులు తడుముకోకుండా రాశారు.

పాఠ్యపథకాల సంగతి మరీ గొప్పది. సీనియర్ల రికార్డు ఫోటోలై వాట్సాప్ గ్రూపులోకి వస్తుంది. తెర మీంచి తెల్లకాగితం మీదికి, ఎర్రసిరా గీతలతో సహా, అక్షరం పొల్లుపోకుండా దిగుతుంది. పేరూ రోల్ నంబరూ మారతాయి. అంత శ్రద్ధగా ఎక్కించినవాళ్లను, ఇది మీ తరగతి పిల్లలకు సరిపోతుందా అని అడిగి నొప్పించవు. దస్తూరీ చూసి మార్కులు వేస్తావు.

2017లో దీక్ష అనే డిజిటల్ పాఠాల వేదిక వచ్చింది. స్కాన్ చేస్తే పాఠం వీడియో తెరుచుకునే క్యూఆర్ కోడ్‌లు మన పాఠ్యపుస్తకాల్లోకి వచ్చాయి. ఆ వీడియోను ముందే దించుకుని నెట్ అందని తండాలో ఎలా చూపాలి, మూడో తరగతి పిల్లలకు ఎక్కడ ఆపి ప్రశ్న వేయాలి, అందులో తప్పుంటే ఎలా పట్టాలి? ఇలాంటి చిక్కు ప్రశ్నలతో నీ బిడ్డల్ని ఏనాడూ వేధించలేదు. రేపు కొలువులో చేరాక ముఖం చూపి హాజరు వేయడం, మధ్యాహ్న భోజనం ఫోటో ఎక్కించడం యాప్‌లే నేర్పుతాయన్న నీ ధీమా వమ్ము కాలేదు. ఆ రెండూ మన టీచర్లకు బాగా వచ్చు.

నీ దగ్గరికొచ్చేవాళ్లు చురుకైనవాళ్లు తల్లీ. నకలు దించడంలో చూపే ఆ ఓపికే పాఠం తయారీలో చూపగలరు. టీచింగ్ ప్రాక్టీస్‌లో ఒక్క పాఠమైనా వాళ్లే వెతికి, నిజానిజాలు సరిచూసి, తమ ఫోన్‌తోనే తయారుచేసి పిల్లల ముందు చెప్పనివ్వు. వెనక బెంచీలో కూర్చుని విను. దానికి మార్కులు వెయ్యి.