ఆదిమానవుడి సంతలో బియ్యం సంచి

ఈ సంచి పుట్టింది పాలీప్రొపిలీన్ దారాలతో. గుర్తింపు వచ్చింది మాత్రం లోపల పోసిన బియ్యం వల్ల. మిర్యాలగూడ మిల్లులో 26 కిలోల సాంబ మసూరి నింపి, మూతి కుట్టి, లారీ ఎక్కించారు. 26 అంకె మీద మిల్లువాళ్లకు ప్రత్యేకమైన ప్రేమేమీ లేదు. 2022 జూలై 18 నుంచి, ముందే ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం మీద 25 కిలోల దాకా 5 శాతం జీఎస్టీ పడింది. ఇంకో కిలో కలిపితే ఆ గీత దాటేయొచ్చని వ్యాపారులు లెక్క తేల్చుకున్నారు. ఈ సంచి కాస్త బొద్దుగా ఉండటానికి కారణం ఆ కిలోయే.

లోపలి సరుకు కూడా తక్కువదేం కాదు. బాపట్ల పరిశోధన కేంద్రంలో రూపుదిద్దుకుని 1986లో విడుదలైన బీపీటీ 5204 అది. సన్నగా, మెత్తగా ఉడికే ఆ గింజను నమ్ముకుని తెలుగిళ్లలో కొన్ని తరాలు పప్పన్నం, పెరుగన్నం తిన్నాయి. హైదరాబాద్ నల్లకుంటలో ఈ సంచి చేరిన ఇల్లు కూడా అలాంటిదే. ఇంటాయన పూటకు మూడుసార్లు అన్నం కలుపుకునేవాడు: పప్పుతో ఒకసారి, చారుతో ఒకసారి, పెరుగుతో చివరిసారి.

సంచి సగమైనప్పుడు రక్తపరీక్ష రిపోర్టు వచ్చింది. మూడు నెలల సగటు చక్కెరను చెప్పే హెచ్‌బీఏ1సీ 6.1 ఉంది. 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే షుగర్ ఇంకా రాలేదని, కానీ గుమ్మం దాకా వచ్చిందని అర్థం. అన్నం తగ్గించి నడవమన్నాడు డాక్టరు. డాలస్‌లో ఉన్న అల్లుడు ఫోన్లో ఇంకో అడుగు ముందుకేశాడు. “తగ్గించడం కాదు మామయ్యా, మానేయండి. పేలియో చేయండి. నేను చేస్తున్నాగా!”

అలా ఈ సంచి ఉద్యోగం ఊడింది. మిగిలిన బియ్యం పెద్దావిడ స్టీలు డబ్బాలోకి వెళ్లాయి. “ఈ వయసులో నన్ను అడవికి పంపకురా” అని ఆవిడ కొడుకుతో ముందే తేల్చి చెప్పేసింది. ఖాళీ సంచిని ఇల్లాలు ఉతికి ఆరేసి, వీధి చివర దర్జీ దగ్గర నవారు పట్టీలు వేయించింది. ఆ రోజు నుంచి బియ్యం తప్ప అన్నీ మోయడం దీని పనయింది.

పేలియో నియమాలు ఇంటాయన ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించాడు. ధాన్యాలు వద్దు. పప్పులు వద్దు. పాలు, పెరుగు వద్దు. చక్కెర, రిఫైన్డ్ నూనె వద్దు. మాంసం, చేపలు, గుడ్లు, కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు, గింజపప్పులు తినొచ్చు. వ్యవసాయం మొదలై పదివేల ఏళ్లే అయింది కాబట్టి మన ఒళ్లు ఇంకా వేటగాడి తిండికే అలవాటుపడి ఉందన్నది దీని వెనక వాదన. అమెరికాలో జీర్ణకోశ వైద్యుడు వాల్టర్ వోగ్ట్‌లిన్ 1975లో ఈ ఆలోచనతో ఒక పుస్తకం వేసుకున్నాడు. 1985లో బోయిడ్ ఈటన్, మెల్విన్ కోనర్ ఒక పెద్ద వైద్యపత్రికలో వ్యాసం రాశాక దానికి శాస్త్రం అండ దొరికింది. 2002లో కొలరాడో ఆచార్యుడు లోరెన్ కోర్డైన్ పుస్తకంతో అది ఇంటింటి మాటయింది. వాళ్లలో ఎవరూ నల్లకుంట కిరాణా కొట్టును దృష్టిలో పెట్టుకుని రాయలేదు.

ఆ కొట్లో మొదటిసారి ఈ సంచిలో పడిన వాటికన్నా పడనివే ఎక్కువ. కందిపప్పు, మినప్పప్పు, శనగపిండి పక్కకు పోయాయి. పల్లీలు చేతిదాకా వచ్చి వెనక్కి వెళ్లాయి; పేరుకు గింజలైనా అవి చిక్కుడు కుటుంబానివే. ఇడ్లీ, దోసె, పెసరట్టు, పల్లీ చట్నీ నాలుగూ ఒక్క దెబ్బకు రద్దయ్యాయి.

కొట్టతను మంచివాడు. “షుగరుంటే తెలంగాణ సోనా వాడండి సార్, మెల్లగా అరుగుతుంది” అన్నాడు. రాజేంద్రనగర్ శాస్త్రవేత్తలు తయారుచేసిన ఆర్‌ఎన్‌ఆర్ 15048 అది. గ్లైసీమిక్ సూచిక తక్కువన్న మాట నిజమే. ఇంటాయన తల అడ్డంగా ఊపాడు. “అయితే కొర్రలు! మన తాతలు తిన్నవి.” 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించినప్పటి నుంచి అతని కొట్లో కొర్రలకు, అండుకొర్రలకు ముందు వరసలో చోటు దొరికింది. కానీ కొర్రలైనా జొన్నలైనా గడ్డిజాతి గింజలే. పేలియో వాళ్లకు అవీ వరీ ఒకటే. తాతలు సరిపోరు, గుహలో ఉన్న ముత్తాతల ముత్తాతలు కావాలి.

పోపు దగ్గర అసలు చిక్కు వచ్చింది. మినప్పప్పు, శనగపప్పు తీసేస్తే ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, కరివేపాకు మిగిలాయి. ఇంగువ ఉందిగా అనుకుంది ఇల్లాలు. డబ్బా వెనక చిన్న అక్షరాలు చదివితే గోధుమపిండి కనిపించింది. ఇంగువ బంక ఘాటు తట్టుకోలేం కాబట్టి గోధుమపిండో బియ్యప్పిండో, తుమ్మజిగురో కలిపి అమ్ముతారు. సరుకులో ఏది ఎక్కువ బరువుంటే దాని పేరే ముందు రాయాలన్నది మన ఆహార లేబుళ్ల నిబంధన. ఆ వరస చూడటం వస్తే చాలు, సోయా సాసులో గోధుమ, సాంబారు పొడిలో పప్పులు, డబ్బాలో అమ్మే బాదం పాలల్లో చక్కెర వాటంతటవే బయటపడతాయి. ఆ రోజు ఇంటాయన ప్రతి పొట్లం తిప్పి తిప్పి చదువుతుంటే వెనక నిలబడినవాళ్లు గొణిగారు. చివరికి ఈ సంచిలోకి కొబ్బరినూనె సీసా, మిరియాలు, రాళ్లుప్పు మాత్రమే చేరాయి. కొబ్బరినూనెతో వేపుడు చేసిన రోజు పెద్దావిడ వంటింట్లోకి తొంగిచూసి, “తలకు రాసుకునేదాంతో కూరేమిట్రా?” అంది.

సరూర్‌నగర్ రైతు బజారులో ఈ సంచికి ఊపిరాడింది. 1999లో మొదలైన ఈ బజార్లలో ధరల బోర్డు చూసుకుని రైతు దగ్గరే కొనుక్కోవచ్చు. సొరకాయ, బీరకాయ, దొండకాయ, బెండకాయ, వంకాయ, తోటకూర, గోంగూర అన్నీ కాగితం మీద పాసయ్యాయి. కంద, చేమదుంప, చిలగడదుంపలకు కూడా అభ్యంతరం లేదు. అన్నం మానేసిన పొట్టకు నిజంగా ఆసరా ఇచ్చినవి ఇవే. బంగాళాదుంప దగ్గర గురువులే విడిపోయారు. కోర్డైన్ వద్దన్నాడు, హోల్30 అనే చుట్టపు పద్ధతి 2014లో సరేనంది. బీన్స్ సంగతీ అంతే. గింజ తక్కువ, తొక్క ఎక్కువ కాబట్టి పచ్చి బీన్స్ తినొచ్చని ఆ హోల్30 వాళ్లు సర్దిచెప్పుకున్నారు. అదే న్యాయం మన గోరుచిక్కుడుకూ వర్తించాలి కదా అని ఇల్లాలు అరకిలో వేయించేసింది.

మోసేవాళ్లకు తెలిసే సంగతి ఒకటుంది. ఈ బుట్టల్లో ఉన్నవాటిలో రాతియుగం మనిషి గుర్తుపట్టేవి చాలా తక్కువ. టమాటా, మిరప, బంగాళాదుంప, జీడిమామిడి అమెరికా ఖండాల నుంచి వచ్చాయి; పోర్చుగీసు ఓడలు రాకముందు ఇక్కడ వాటి ఊసే లేదు. క్యాబేజీ, కాలీఫ్లవర్, బ్రకోలీ మూడూ ఒకే అడవి మొక్కను రైతులు తరతరాలుగా మూడు దిక్కులకు లాగితే తయారైనవి. గుహ గుమ్మంలో పెట్టినా చెల్లేవి బజారు చివర నేల మీద గోనెపట్టా పరుచుకున్న ఆడవాళ్ల దగ్గర దొరుకుతాయి. గంగవాయిలి కూర ఎవరూ విత్తకుండా చేలో మొలిచే కలుపు. చేపల్లో మనం వెతుక్కునే ఒమేగా 3 జాతి కొవ్వు మిగతా ఆకుకూరలకన్నా దీనిలో బాగా ఉంటుంది. కట్ట పది రూపాయలకే వచ్చింది. వానాకాలంలో అడవుల నుంచి బోడకాకర వస్తుంది, ధరలో కోడిమాంసంతో పోటీపడుతుంది. ఎండాకాలం తాటిముంజలు, ఆ తర్వాత నేరేడు, చలికాలం రేగు, ఉసిరి, వెలగ. ఎప్పుడైనా తునికి పండ్లూ దొరుకుతాయి. బీడీలు చుట్టే ఆకు ఆ చెట్టుదే.

మాంసం విషయంలో హైదరాబాద్ ఆదిమానవుడికి ముందే స్వాగతం పలికి ఉంది. అల్లుడు డాలస్‌లో గాజుసీసాలో కొనే ‘బోన్ బ్రాత్’ ఇక్కడ కాళ్ల షోర్వా, పాయా పేర్లతో పొద్దున్నే మరుగుతుంది. కార్జంలో మాంసంకన్నా విటమిన్ ఎ ఎక్కువ. గుడ్లకు కొదవే లేదు. దేశంలో అన్నిటికన్నా ఎక్కువ గుడ్లు ఆంధ్రప్రదేశ్‌లో ఉత్పత్తవుతాయి.

ఆదివారం పొద్దున్న రాంనగర్ చేపల మార్కెట్. ఈ సంచికి తన వంశం సంగతి అక్కడే తెలిసింది. మంచు పెట్టెల్లో బొచ్చె, రవ్వ వరుసగా పడుకుని ఉన్నాయి. తొట్టెలో కొర్రమీను బతికే ఎగురుతోంది. తెలంగాణ రాష్ట్ర చేప అదే. “ఏ ఊరివి?” అనడిగాడు ఇంటాయన. “బొచ్చె, రవ్వ కొల్లేటి దిక్కువి సార్, భీమవరం, ఆకివీడు నుంచి లారీల వస్తయ్” అన్నాడు చేపలతను.

కొల్లేటి చుట్టూ చెరువుల్లో ఆ చేపల్ని పెంచే పద్ధతి ఇదీ: నూనె తీసిన తవుడు ముఖ్యమైన మేత, దానికి వేరుశనగ చెక్కో పత్తిగింజల చెక్కో తోడు. ఆ మేతను ఈ సంచిలాంటి పాలీప్రొపిలీన్ సంచుల్లో నింపి, అడుగున చిల్లులు పొడిచి, నీళ్లలో పాతిన గడలకు కడతారు. చేపలు వచ్చి చిల్లుల దగ్గర పొడుచుకు తింటాయి. బియ్యం మానేసిన ఇంటికి రవ్వ చేప రూపంలో వరి మళ్లీ వచ్చింది, అదీ ఈ సంచి దాయాదుల చేతుల మీదుగా. కోళ్ల సంగతీ అంతే. బ్రాయిలర్ కోడీ, ఫారం గుడ్డు పెట్టే కోడీ పెరిగేది మొక్కజొన్నతో, సోయా చెక్కతో: ఒకటి ధాన్యం, ఒకటి పప్పుజాతి. కాగితం మీద కొట్టేసిన రెండు వరసలూ రెక్కలు తొడుక్కుని వంటింట్లోకి నడిచొచ్చాయి. నాటుకోడి పురుగూ పుట్రా ఏరుకుని తింటుంది కాబట్టి కొంత నయం. దాని ధర విన్నాక ఇంటాయన నెలకోసారికి ఒప్పుకున్నాడు.

అసలు వేటగాళ్లు ఏం తిన్నారో తవ్వకాలు వేరుగా చెబుతున్నాయి. ఇటలీలో పాలిచ్చి గుహలో దొరికిన 32 వేల ఏళ్ల నాటి నూరుడురాయి మీద ఓట్స్ పిండి ఆనవాళ్లున్నాయి. జోర్డాన్‌లోని షుబైకాలో 14,400 ఏళ్ల కిందటి పొయ్యిలో మాడిన రొట్టె ముక్కలు బయటపడ్డాయి. అంటే అక్కడ సాగు మొదలవడానికి సుమారు నాలుగు వేల ఏళ్ల ముందే రొట్టె కాలింది. అంత దూరమెందుకు, నల్లమలలో చెంచుల దగ్గర 1940లో ఉండి, 1943లో పుస్తకం ప్రచురించిన మానవశాస్త్రవేత్త ఫ్యూరర్ హైమండార్ఫ్ చూసింది కూడా మాంసపు కుప్పల్ని కాదు. తవ్వుకొచ్చిన గడ్డలు, పండ్లు, ఇప్పపువ్వు, తేనె రోజువారీ తిండి, వేట దొరికినప్పుడే. ఇవాళ ఆ చెంచుల గూడేల్లో కూడా రేషన్ బియ్యమే ఉడుకుతోంది.

అయితే ఈ కాగితమంతా వట్టిదేనా అంటే, కాదు. స్వీడన్‌లోని ఊమియోలో 70 మంది స్థూలకాయులైన మహిళలను రెండేళ్లు పరిశీలించారు. పేలియో తిన్నవాళ్లు మొదటి ఆరు నెలల్లో, మామూలు ఆరోగ్య సలహా పాటించినవాళ్ల కన్నా ఎక్కువ కొవ్వు కరిగించారు. రెండేళ్లు పూర్తయ్యేసరికి ఆ తేడా చెప్పుకోదగ్గంతగా మిగల్లేదు, ట్రైగ్లిజరైడ్లు మాత్రం వాళ్లకే ఎక్కువ తగ్గాయి. నల్లకుంటలోనూ ఇంటాయన బెల్టు ఒక చిల్లు లోపలికి జరిగింది. మైదా, చక్కెర, బేకరీ పఫ్‌లు మానేస్తే ఏ పేరు పెట్టుకున్నా కొంత జరుగుతుంది. పాలు, పెరుగు వదిలేస్తే కాల్షియం సంగతేమిటని డాక్టరు అడిగాడు. అప్పటి నుంచి నువ్వులు, ముల్లుతో సహా తినే చిన్న చేపలు జాబితాలోకి ఎక్కాయి. బేగంబజార్ నుంచి తెచ్చిన బాదం, అక్రోటు బిల్లు చూసి ఇల్లాలు వాటిని తాళమేసిన అలమారలో పెట్టింది. పెద్దావిడ మాత్రం తన గిన్నెలో పెరుగు తోడేసుకుంటూనే ఉంది. రాత్రి పడుకోబోయే ముందు ఆ గిన్నె మూత మెల్లగా లేస్తుందని, లేపేది ఆవిడ కాదని ఈ సంచి కళ్లారా చూసింది. కాగితం మీద ‘పాలు, పెరుగు వద్దు’ అన్న వరస పెన్సిలుతో సన్నగా కొట్టేసి ఉంది.

మృగశిర కార్తె నాడు రాంనగర్‌లో కాలు పెట్టడానికి చోటు లేదు. ఆ రోజు చేప తింటే వానాకాలపు రోగాలు దరిచేరవని నమ్మకం; కొర్రమీను ధర ఆకాశంలో ఉంది. చేపలతను బూడిద రాసి, కత్తిపీట మీద ముక్కలు కొడుతూ అడిగాడు, “సార్, మీ డైట్ల చింతపండు నడుస్తదా?”

ఇంటాయన తెల్లమొహం వేశాడు. చింతచెట్టు చిక్కుడు కుటుంబానిదే. వెనక క్యూలో ఉన్న కుర్రాడు ఫోన్లో వెతికి, “గుజ్జు పండు కిందికే వస్తుందండీ, తినొచ్చట” అన్నాడు. పక్కనున్న ఆవిడ, “చింతపులుసు లేకుండా కొర్రమీను ఏం చేస్తరు సార్, ఉడకబెట్టి ఉప్పేసుకుంటరా?” అని గట్టిగా నవ్వింది. ముక్కలు ఈ సంచిలో పడ్డాయి. దారిలో బండి ఆపి, ఇంటాయన పావుకిలో గింజ తీసిన చింతపండు కూడా వేయించుకున్నాడు.