బెంచ్ మీద పుట్టిన అక్షరాల ఆట

పిల్లలకు గుణింతాలూ వత్తులూ నేర్పడానికి మాదాపూర్‌లోని ఒక స్టూడియోలో రూపుదిద్దుకుని, విడుదలకు ముందే రద్దయిన వీడియో గేమ్ ఒకటి ఇక్కడ తన చరిత్రను తానే చెప్పుకుంటోంది. ఆత్మకథకు ఉత్తమపురుష రివాజే అయినా, ఏ పిల్లవాడూ చివరిదాకా ఆడని ఆటకు ఆ హక్కు లేదని దాని అభిప్రాయం.

1998 నవంబరులో ప్రధాని వాజ్‌పేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రారంభించిన తర్వాత చుట్టూ విస్తరించిన ఐటీ కారిడార్‌కు విదేశీ కాంట్రాక్టులే ప్రధానమైన జీవనాధారం కాగా, ఆటల తయారీ కూడా చాలావరకు అదే బాటలో నడిచింది. 2009లో ప్లేస్టేషన్ 2 కోసం హైదరాబాద్‌కు చెందిన అరోనా టెక్నాలజీస్ 'హనుమాన్: బాయ్ వారియర్'ను, గేమ్‌శాస్త్ర కబడ్డీ, గిల్లీదండా (ఇక్కడి పల్లెల్లో చిర్రగోనె) వంటివి ఉన్న 'దేశీ అడ్డా'ను తయారుచేసినా, అలాంటి సాహసాలు అరుదు. ఒక ప్రాజెక్టు ముగిసి మరొకటి దొరికేలోగా జీతం తీసుకుంటూ ఖాళీగా ఉండే ఉద్యోగిని బెంచ్ మీద ఉన్నాడంటారు. ఈ ఆట అలా బెంచ్ మీద ఉన్నవారి చేతుల్లోనే పుట్టింది కనుక, దానికి తయారుచేసేవారు ఉన్నారు గానీ అడిగేవారు లేరు.

ఆడే పద్ధతి సులువు: తెర అడుగున వరుసగా ఉన్న వత్తుల్లో సరైనదాన్ని వేలితో లాగి అక్షరానికి తగిలిస్తే, ఆ అక్షరం పలికి గంతు వేస్తుంది. చిక్కంతా ఆ వత్తులోనే ఉంది. ప్రపంచ లిపుల్లోని ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య కేటాయించే యూనికోడ్ పట్టికలో తెలుగుకు 128 గళ్లు ఉన్నా, వత్తుకంటూ ఒక్క గడీ లేదు. హల్లు, పొల్లు, మరో హల్లు వరుసగా వస్తే, వాటిని కలిపి వత్తుగా గీయడం తెరమీద అక్షరాలను తీర్చే సాఫ్ట్‌వేర్ బాధ్యత. 'స్త్రీ' చూసేవారికి ఒకే అక్షరం, కంప్యూటర్‌కు ఆరు సంకేతాలు. బొమ్మలనూ కదలికలనూ నడిపించే ఇంజిన్‌కు ఆ కలిపే విద్య రాకపోవడంతో, మొదటి పాఠంలోని 'అమ్మ' తెరమీద 'అమ్‌మ'గా విడిపోయింది. ఈ కలయిక పెద్ద సంస్థలకూ తేలిక కాదు: 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా'కు చెందిన ఒక సంకేతాల వరుస ఐఫోన్లలో యాప్‌లను కుప్పకూల్చగా, ఆపిల్ ఐఓఎస్ 11.2.6తో దాన్ని సరిదిద్దవలసి వచ్చింది. జ్ఞానానికి తొలి అక్షరమే అంత పని చేసిందంటే, ఈ ఆటకు కొంత ఊరట కలగకపోలేదు.

చివరికి వత్తులన్నిటినీ బొమ్మలుగా గీయాలని నిర్ణయించారు. త వత్తు అడుగున కుదురుకుంటుంది, క్రావడి (ర వత్తు) ఎడమ పక్కనుంచి చుట్టుకొస్తుంది, కొన్ని హల్లుల కింద చోటు చాలదు. అందువల్ల ప్రతి జంటనూ విడిగా సరిచూసుకోవలసి వచ్చింది. ఆ పని సగంలో ఉండగా కొత్త కాంట్రాక్టు వచ్చింది, బెంచ్ ఖాళీ అయింది, ఖర్చుల పట్టికలోంచి ఆట పేరు పోయింది. తెలంగాణ ప్రభుత్వం 2018లో బడుల్లో తెలుగు బోధనను తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చేనాటికి, అది ఒక పాత హార్డ్ డిస్క్‌లో ఫోల్డరై మిగిలింది. అందులో 'స్త్రీ' బొమ్మకు సకారమూ త వత్తూ రంగులు దిద్దుకుని ఉన్నాయి. క్రావడి మాత్రం ఇంకా పెన్సిల్ గీతలోనే ఉంది.