గుంత కౌంటీది, ఓటు జిల్లాది

ఇంగ్లండు పల్లెల్లో చాలాచోట్ల జనాన్ని పాలించడానికి మూడంతస్తుల ఏర్పాటు ఉంది. కింద పారిష్ కౌన్సిల్, నడుమ జిల్లా కౌన్సిల్, పైన కౌంటీ కౌన్సిల్. ఊరి పార్కులో బెంచీ విరిగితే పారిష్‌ను తిట్టాలి. చెత్తబండి రాకపోతే జిల్లాను తిట్టాలి. ఆ బండి ఎత్తుకెళ్లిన చెత్తను చివరికి ఎక్కడ పారబోయాలన్నది కౌంటీ పూచీ కాబట్టి అందుకు కౌంటీని తిట్టాలి. రోడ్డు మీద గుంత పడినా కౌంటీనే తిట్టాలి. ఎవరిని తిట్టాలో తేలనివాళ్లు, అంటే దాదాపు ఊరంతా, ప్రధానమంత్రిని తిడతారు. ఆయన ఆ వార్డులో పోటీ చేయడు కాబట్టి, ఆయన పార్టీ గుర్తు మీద నిలబడ్డ పక్కవీధి పెద్దమనిషిని ఓడిస్తారు. జిల్లా కౌన్సిల్ ఎన్నిక అంటే స్థూలంగా ఇదే.

2023 మే 4న సఫోక్ కౌంటీలోని మిడ్ సఫోక్ జిల్లాలో జరిగిందీ ఇదే. స్టోమార్కెట్, నీధమ్ మార్కెట్, ఐ అనే చిన్న పట్టణాలు, వాటి చుట్టూ పొలాలు, పాత చర్చిలు, ఊరికో పబ్బు. కన్జర్వేటివ్ పార్టీకి పుట్టిల్లు లాంటి గడ్డ. ఫలితాలు చూస్తే, 34 సీట్లలో గ్రీన్ పార్టీకి 24, కన్జర్వేటివ్‌లకు 6, లిబరల్ డెమోక్రాట్లకు 4. అంతకుముందు 2019లో కన్జర్వేటివ్‌లకు 16, గ్రీన్‌లకు 12. బ్రిటన్‌లో గ్రీన్ పార్టీకి ఒక కౌన్సిల్‌లో పూర్తి మెజారిటీ రావడం అదే మొదటిసారి. ఆ ఎన్నికల్లో ఇంగ్లండంతా గెలుపు పండగ చేసుకున్న లేబర్ పార్టీకి ఇక్కడ దక్కింది గుండుసున్నా.

గ్రీన్‌ల గెలుపు చూసి, పల్లె జనానికి భూగోళం మీద హఠాత్తుగా ప్రేమ పుట్టిందని లండన్ పత్రికలు మురిసిపోవచ్చు. కానీ అదే రోజు బ్రైటన్ నగరంలో ఏమైందో కూడా చూడాలి. గ్రీన్‌లు అంతకుముందు కౌన్సిల్ నడిపింది అక్కడే. అక్కడి ఓటర్లు వాళ్లను 7 సీట్లకు కుదించి ఇంటికి పంపారు. అంటే పాలన చూసినవాళ్లు ఓడించారు, చూడనివాళ్లు గెలిపించారు. ప్రజాస్వామ్యంలో ఇంతకన్నా నమ్మకమైన సూత్రం మరొకటి లేదు. అధికారంలోకి రావాలంటే అంతకుముందు అధికారంలో ఉండకపోవడమే ప్రధాన అర్హత.

కన్జర్వేటివ్‌లు ఆ ఎన్నికల్లో ఇంగ్లండు మొత్తమ్మీద వెయ్యికి పైగా సీట్లు పోగొట్టుకున్నారు. కారణాలు వెతకడానికి భూతద్దం అక్కర్లేదు. అంతకుముందు ఏడాదిలోనే డౌనింగ్ స్ట్రీట్ ముగ్గురు ప్రధానులను చూసింది. ఒకరు లాక్‌డౌన్‌లో విందు చేసుకుని పోలీసులకు జరిమానా కట్టారు. ఇంకొకరు రెండు నెలలు కూడా నిండకుండానే దిగిపోయారు. ఆ పాపానికి పరిహారం చెల్లించింది ఎవరు? స్టోమార్కెట్ చుట్టుపక్కల ఏళ్ల తరబడి చెత్తడబ్బాల ఫిర్యాదులు విన్న కౌన్సిలర్లు. విందు లండన్‌లో జరిగింది, విస్తళ్లు ఎత్తింది సఫోక్‌లో.

ఇక ప్రచారం. నాలుగు కూడళ్లు తిరిగితే మైకు మోత వినపడదు, కటౌట్ కనపడదు. నామినేషన్‌కు డిపాజిట్ లేదు, ఇద్దరు ఓటర్లు సంతకం పెడితే చాలు. 2023లో అభ్యర్థి ఖర్చు పరిమితి 806 పౌండ్లు, ఆపైన ఓటరుకు 7 పెన్నీలు. రెండు వేల మంది ఓటర్లున్న వార్డులో లెక్క కడితే 946 పౌండ్లు. ఈ సొమ్ములో సింహభాగం కరపత్రాలకే పోతుంది. కరపత్రం మీద ఫొటో తప్పనిసరి. అభ్యర్థి ఒక గుంత పక్కన నిలబడి, దానివైపు వేలు చూపిస్తూ, బంధువు పోయినంత దిగులుగా ముఖం పెడతాడు. ఆ గుంత పూడ్చే అధికారం తాను కోరుకుంటున్న పదవికి లేదని అతనికి తెలుసు. ఓటరుకు తెలియదని కూడా తెలుసు. గెలిచాక గుంత గురించి అడిగితే జవాబు సిద్ధంగానే ఉంటుంది. "అది కౌంటీ చూసుకుంటుందండీ, మీ తరఫున ఉత్తరం రాస్తాను."

పోలింగ్ కేంద్రాలు ఊరి హాల్లో, చర్చిలో, ఒక్కోచోట పబ్బులో. ఉదయం 7 నుంచి రాత్రి 10 దాకా. మామూలుగా ఇలాంటి ఎన్నికల్లో ముగ్గురిలో ఒక ఓటరు వస్తే గొప్ప. వచ్చినవాళ్లు కుక్కను వెంటబెట్టుకొస్తారు. బయట కట్టేసిన కుక్కల ఫొటోలు సాయంత్రానికి దేశమంతా తిరుగుతాయి. అభ్యర్థుల ఫొటోలకు ఆ భాగ్యం లేదు.

2023లో ఇంకో కొత్త ముచ్చట కూడా మొదలైంది. ఇంగ్లండులో ఓటు వేయాలంటే ఫొటో ఉన్న గుర్తింపు కార్డు చూపాలన్న నిబంధన ఆ మే 4నే అమల్లోకి వచ్చింది. వృద్ధుల బస్సు పాసు చెల్లుతుంది, కుర్రాళ్ల రైల్‌కార్డు చెల్లదు. ఈ తేడా ఎందుకో ప్రభుత్వం చాలా వివరించింది, కుర్రాళ్లకు మాత్రం అర్థం కాలేదు. కార్డు లేక వెనుదిరిగి మళ్లీ రానివాళ్లు కనీసం 14 వేల మందని ఎన్నికల కమిషన్ లెక్క తేల్చింది. రెండు వారాలు తిరక్కుండానే మాజీ మంత్రి జేకబ్ రీస్-మాగ్ ఒక సభలో అసలు బాధ బయటపెట్టాడు. కార్డుల్లేని వృద్ధులు తమ పార్టీ ఓటర్లేననీ, ఎత్తు తమకే ఎదురు తిరిగిందనీ ఆయన సారాంశం. చట్టం చేసినప్పుడు ఆయన మంత్రివర్గంలోనే ఉన్నాడు.

ఓట్ల లెక్కింపులో మాత్రం వంక పెట్టలేం. చెల్లని ఓటును కూడా అభ్యర్థులకు చూపించి, చర్చించి మరీ పక్కన పెడతారు. 2017లో నార్తంబర్లాండ్ కౌంటీ ఎన్నికల్లో సౌత్ బ్లైత్ వార్డులో ఇద్దరు అభ్యర్థులకు చెరో 356 ఓట్లు వచ్చాయి. మళ్లీ లెక్కించారు, అదే అంకె. చివరికి అధికారి చేతిలోంచి చెరో పుల్ల లాగించారు. పొడుగు పుల్ల లిబరల్ డెమోక్రాట్‌కు, పొట్టి పుల్ల కన్జర్వేటివ్‌కు. దాంతో 67 సీట్ల కౌన్సిల్‌లో కన్జర్వేటివ్‌లు 33 దగ్గర ఆగి, ఒక్క సీటు తేడాతో మెజారిటీ అందుకోలేకపోయారు. పంచాయతీ ఎన్నికల్లో ఓట్లు సమానమైతే లాటరీ తీయడం ఎరిగిన తెలుగు పాఠకులకు ఇది వింత కాదు. ప్రచారంలో ఇచ్చిన హామీల కన్నా పుల్లే నిజాయతీగా పనిచేసిందని ఒప్పుకోవాలి.

మళ్లీ మిడ్ సఫోక్‌కు వద్దాం. గెలిచిన గ్రీన్‌లు ఉత్సాహంగా ఆఫీసుకు బయల్దేరాలంటే జిల్లా పొలిమేర దాటాలి. ఖర్చు తగ్గించుకోవడానికి 2017లో జిల్లా కౌన్సిల్ తన ఆఫీసును నీధమ్ మార్కెట్ నుంచి ఇప్‌స్విచ్‌లోని ఎండెవర్ హౌస్‌కు మార్చింది. ఇప్‌స్విచ్ వేరే కౌన్సిల్ ఏలుబడి. ఆ భవనం కౌంటీ కౌన్సిల్ వారి ప్రధాన కార్యాలయం. కౌంటీలో అప్పుడు కన్జర్వేటివ్‌లదే అధికారం. అంటే దేశంలోని తొలి గ్రీన్ మెజారిటీ కౌన్సిల్ కన్జర్వేటివ్‌ల కప్పు కింద కాపురం పెట్టింది. ఇక డబ్బు సంగతి. కౌన్సిల్ పన్ను బిల్లు మీద జిల్లా పేరు ఉంటుంది, వసూలు చేసేది జిల్లా, కట్టనివాళ్లకు నోటీసులు పంపి శాపనార్థాలు తినేది జిల్లా. వసూలైన దాంట్లో జిల్లాకు మిగిలేది సుమారు పదోవంతు. మిగతాదంతా కౌంటీకీ, పోలీసులకూ, పారిష్‌లకూ పోతుంది.

విద్యుత్ టవర్ల గొడవ ఇంకా రసవత్తరం. సముద్రంలో గాలిమరలు తిప్పిన కరెంటును తీసుకెళ్లడానికి నారిచ్ నుంచి టిల్‌బరీ దాకా సుమారు 180 కిలోమీటర్ల లైను వేస్తామని నేషనల్ గ్రిడ్ ముందుకొచ్చింది. ఆ పథకానికి మొదట పెట్టిన పేరు ఈస్ట్ ఆంగ్లియా గ్రీన్. టవర్లు తమ పొలాల మీదుగా పోతాయని సఫోక్ పల్లెలు భగ్గుమన్నాయి. 2024 జులైలో గ్రీన్ పార్టీ అప్పటి సహ నాయకుడు ఏడ్రియన్ రామ్సే, మిడ్ సఫోక్‌లో కొంత భాగం కూడా కలిసిన వేవెనీ వ్యాలీ నియోజకవర్గం నుంచి పార్లమెంటుకు గెలిచాడు. గెలిచిన వెంటనే ఆ పథకాన్ని కాస్త ఆపి వేరే దారులు చూడాలన్నాడు. గాలి కరెంటు కావాలి గానీ, అది గాలిలోంచే వస్తే బాగుండునన్నమాట. నిజానికి ఆయన అడిగినా, జిల్లా తీర్మానం చేసినా ఒకటే. అంత పెద్ద లైనుకు అనుమతి ఇచ్చేది లండన్‌లోని మంత్రిగారు.

అసలు కొసమెరుపు 2024 డిసెంబరులో వచ్చింది. లేబర్ ప్రభుత్వం శ్వేతపత్రం విడుదల చేసి, ఇలా జిల్లా, కౌంటీ అని రెండంచెలున్న చోట్ల ఆ రెండింటినీ రద్దుచేసి ఒకే అంచె కౌన్సిళ్లు పెడతామంది. సఫోక్‌ను మొదటి వరసలో నిలబెట్టింది. 2025 మేలో జరగాల్సిన సఫోక్ కౌంటీ ఎన్నికలను కూడా వాయిదా వేసింది. గ్రీన్‌లు దశాబ్దాలు కష్టపడి ఒక కౌన్సిల్ గెలిస్తే, ఏడాదిన్నరకే ప్రభుత్వం ఆ కౌన్సిల్‌నే ఎత్తేస్తానంది. ప్రత్యర్థిని ఓడించడం చేతకాకపోతే కుర్చీనే మాయం చేయొచ్చన్న ఆలోచన ఏ పార్టీకి ముందు వచ్చిందో చెప్పలేం గానీ, ఏ పార్టీకీ కొత్త కాదు. అంచెలు తగ్గితే ఎవరిని తిట్టాలో సులువుగా తెలుస్తుందని ప్రభుత్వ వాదన. ఆ మాటలో కొంత నిజం ఉంది. తిట్టు వినడానికి దగ్గరలో ఎవరూ ఉండరన్నది మిగతా నిజం.

ఓటును పుల్ల తేడా లేకుండా లెక్కపెట్టే దేశం, ఆ ఓటుకు ఎంత అధికారం ఇవ్వాలో మాత్రం ఇంతవరకు లెక్క తేల్చుకోలేదు. ఇంగ్లండులో ఉంటున్న తెలుగువారికి ఒక మాట. భారత పౌరులు కామన్వెల్త్ లెక్కలోకి వస్తారు కాబట్టి, వీసా మీద ఉన్నా అక్కడ ఓటు హక్కు ఉంది. ఓటర్ల జాబితాలో పేరు రాయించుకోండి, పోలింగ్ రోజున భారత పాస్‌పోర్టు తీసుకెళ్లండి, అది చెల్లుతుంది. నిలబడ్డ అభ్యర్థి గుమ్మం ముందుకొచ్చినప్పుడు ఒక్క ప్రశ్న అడగండి. "మీరు చెప్పినవాటిలో మీ చేతిలో ఉన్నవెన్ని?" జవాబు చెప్పగలిగినవాడికి, ఏ పార్టీ వాడైనా, ఓటు వేయండి.